ఎనిమిది రోజుల లెక్క

నెగెటివ్‌ల మచ్చ తెల్లగ ఉంటది.
దాని మీద బాపు పెన్సిల్ మొనతోటి నలుపు పెడితే
కాయిదం మీద మొఖం తేటపడుతుండె.
తెల్లగ చెయ్యాల్నంటే నల్లగ రుద్దాలె —
ఈ తిరకాసు నాకు తొమ్మిదేండ్లప్పుడే తెలుసు,
బల్లార్షా స్టేషన్ రోడ్డుల, దుకాణం వెనుక అర్రల,
అద్దం కింద బల్బు ఎలిగించి
ఆయన ఒక కన్ను మూసుకొని కూసున్నప్పటి సంది.

బాపు లెక్క ఒక్కటే:
ఎనిమిది రోజులల్ల పోయేది తీసెయ్.
మొటిమ, దోమ కుట్టిన దద్దు, నిద్రలేని కండ్ల కింది వాపు.
ఎనిమిదేండ్లకు పోనిది ముట్టకు,
అది మనది గాదు.

ఇప్పుడు పెన్సిల్ లేదు. తెర మీద ఒక గీత,
ఎడమకు సున్న, కుడికి నూరు.
పెండ్లి సంబంధాల ఫొటోలకు అరవై.
బర్త్‌డే బ్యానర్ల లీడర్లకు, అడగకున్నా, ఎనభై.
నూరు దాకా ఎన్నడు పోలే.
అక్కడ ముక్కు రంధ్రాలు మిగులుతయి,
మిగతాదంతా పాలమీగడ.
"జరా గోరా కర్ నా, తాయీ" అంటడు ఒకాయన,
"కొంచెం తేటగ కొట్టు బిడ్డా" అంటది ఇంకొకామె.
రేటు ఒక్కటే.

దుర్గం పోశం కాక రిటైరైన నెల వచ్చిండు.
నొసటి మీద నీలపు గీతలు మూడు.
బాయిల పైకప్పు పెచ్చూడి పడ్డనాడు
గాయంల ఇరుక్కున్న బొగ్గు;
తోలు మూసుకున్నది, బొగ్గు లోపల్నే ఉండిపోయింది.
"తీసెయ్" అన్నడు.
బాపు లెక్క చెప్పిన. నవ్విండు.
"మీ బాపు ఎన్నడన్న బాయిల దిగిండా?
దీపం అప్పజెప్పిన, టోపీ అప్పజెప్పిన,
ఇవి మాత్రం తీసుకోలే వాళ్ళు."
తీసిన. గీతకొక నిముషం.
ఆయన ఫొటో చూసి
ఉన్నయా లేవా అని నొసలు తడుముకున్నడు.

జూన్‌ల, తొలి వాన పడ్డ సందేళ, శేవంత వచ్చింది.
పాస్‌పోర్ట్ సైజు, నాలుగు కాపీలు, బ్యాంకు ఖాతాకట.
ఎడమ కన్ను కింద ఊదారంగు,
అంచులు పసుపుకు తిరుగుతున్నయి.
నేనేం అడగలే. ఆమేం చెప్పలే.
కొంగు ముందుకు గుంజుకుంటే
కెమెరాకు నీడ పడుతదని మాత్రం అన్న.
నాలుగు రోజుల కిందటి దెబ్బ,
ఇంకో నాలుగు రోజులల్ల పోతది.
లెక్క సాఫ్‌గ ఉండె.
కుడి చెంప మీది మంచి తోలు తెచ్చి
ఎడమ చెంపకు అతికిన.
చెయ్యి తిరిగినదాన్ని, పదకొండు సెకండ్లు.
సేవ్. ఉన్నదాని మీదనే సేవ్.

చానసేపు చూసుకున్నది.
"మంచిగొచ్చింది" అన్నది.
ఫోన్ కవరు వెనుక మడిచిన నలభై రూపాయలు తీసిచ్చింది.

తొమ్మిదోనాడు మళ్ళొచ్చింది.
కన్ను కింద ఏం లేదు.
మొఖం అచ్చం నా ఫొటో లెక్కనే ఉంది.
"అక్కా, ఆనాడు మొదట తీసినవు చూడు,
అది ఉన్నదా? ఠాణాల అడుగుతున్నరు."

ఫోల్డర్లు తీసిన. చెత్తబుట్ట తీసిన.
కార్డు చూసిన; దాని మీద అప్పటికే
ఎవరి బడి పిల్లలో మూడువందల అరవై మంది
తలలు దువ్వుకొని నిలవడ్డరు.
వెనక్కి పోయే మీట కొట్టిన, కొట్టిన.
మూసిన ఫైలుకు వెనుక ఉండదు.

ఆమె స్టూలు మీద కూసోని
కౌంటర్ అద్దంల చూసుకుంటున్నది.
వేలితోటి కన్ను కింద ఒత్తి చూసింది, ఇంకోసారి ఒత్తింది.
"ఇప్పుడు నొస్తలేదు గూడ" అన్నది,
తప్పు తనదే అయినట్టు.

కాగజ్‌నగర్ బండి కూత పెట్టి పోయింది.
బాపు ఉంటే అడుగుతుంటి,
ఆ ఎనిమిది రోజులు ఎవరి వేళ్ళ మీద లెక్కబెట్టినవని.

అప్పటి సంది మిషిన్ల రెండు ఫోల్డర్లు.
ఒకటి, ఇచ్చేటివి.
ఇంకోదాంట్ల వచ్చినోళ్ళు వచ్చినట్టే ఉంటరు,
చెమటతోటి, దద్దులతోటి, వంకర బొట్టుతోటి.
దానికి పేరింక పెట్టలే.