పేరులేని కవరు

తుమ్మితే
అటు ఆస్ట్రియా, ఇటు స్విట్జర్లాండ్
చిరంజీవ అనేంత దేశం మాది.
ఇక్కడ రహస్య ఓటంటే
అందరికీ తెలిసిందాన్ని
ఎవరూ పైకి అనకపోవడం.

ఫిబ్రవరి ఆదివారం, ట్రీజెన్‌బెర్గ్ పంచాయతీ హాలు.
కప్పు మీంచి మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారిపడుతోంది.
బల్లకి ఈ చివర నేను, ఆ చివర ఎగాన్ షెడ్లర్,
మధ్యలో పోస్టులో వచ్చిన ఓట్లు,
ఊరు మొత్తం నాలుగు అట్టపెట్టెల్లో.

పని చిన్నదే.
కార్డు మీద సంతకం చూడాలి,
జాబితాలో టిక్కు పెట్టాలి,
లోపలి కవరు తీసి పెట్టెలో వేయాలి.
లోపలి కవరుకి పేరుండదు.

మూడో అట్టపెట్టెలో నాన్న వచ్చాడు.
గెబ్‌హార్ట్ గాస్నర్.
సంతకం కింద గీత, గీత చివర కొక్కెం.
పోయిన వారం పోస్టు చేశాడు.
సోమవారం పోయాడు.
గురువారం మంచు తవ్వి పూడ్చాం.

ఎగాన్ రూల్సు పుస్తకం తిరగేశాడు,
కళ్ళజోడు తుడుచుకున్నాడు,
కిటికీలోంచి కింద రైన్ నది కేసి చూశాడు.
"రాసినప్పుడు బతికే ఉన్నాడుగా" అన్నాడు చివరికి.
చట్టం అదేనో కాదో నాకు తెలీదు.
కవరు పెట్టెలో పడింది,
మిగతావాటిలో కలిసిపోయింది.

ఎనభై నాలుగు, జూలై.
ఆడవాళ్ళకి ఓటుండాలా అని
మగవాళ్ళని అడిగారు.
అంతకుముందు అడిగినప్పుడల్లా వద్దన్నారు.
అమ్మ ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది,
కాలరు మాత్రం రెండుసార్లు.
టోపీ పెట్టుకుని దిగి వెళ్ళాడు, ఎక్కి వచ్చాడు.
ఏమని వేశావంది అమ్మ.
"గడ్డి తడిసేలా ఉంది" అని
దంతె అందుకున్నాడు.

సాయంత్రానికి ఔనన్నారట.
నూట పందొమ్మిది ఓట్ల తేడా.
బతికినన్నాళ్ళూ అమ్మ
ఆ నూట పందొమ్మిదినే లెక్కపెట్టింది.
చర్చిలో ముందు వరసల మగ తలలు చూస్తూ
ఈయన ఔను, ఈయన కాదు,
ఆ బట్టతల, ఏమో,
నాన్న తల దగ్గరికొచ్చేసరికి
లెక్క తప్పేది.

తనూ ఓటేసొచ్చింది రెండేళ్ళకి.
ఎవరికేశావని ఆయన అడిగితే
"గడ్డి తడిసేలా ఉంది" అంది.
బయట మోకాలిలోతు మంచు.

ఇప్పుడు కవర్లు విప్పుతున్నాం.
మా దగ్గర జాబితాలో పేరు కొట్టేయొచ్చు,
అవతలి పార్టీ మనిషిని చేత్తో రాసుకోవచ్చు.
నాన్న పుట్టుకతోనే నల్ల పార్టీ.
మా ఇంట్లో అది రక్తం గ్రూపులా దిగుతుంది,
అడిగేది లేదు.

ఒక నల్ల జాబితా.
అందులో ఒక మగ పేరు అడ్డంగా కొట్టేసి
కింద నీలి సిరాలో, వణుకుతూ,
వల్‌బుర్గా లాంపెర్ట్.
ఎర్ర పార్టీ. ఆడమనిషి.
చివరి అక్షరానికి కొక్కెం.

నా వేలు అక్కడే ఆగింది.

"అనుమానమా?" అన్నాడు ఎగాన్.
"లేదు, చెల్లుతుంది."

రెండు జాబితాల తర్వాత ఇంకో కొక్కెం.
తర్వాత మరొకటి.
ఊళ్ళో ఎనభై దాటిన వాళ్ళంతా
ఫ్రిడోలిన్ మాస్టారి బెత్తం కింద
దిద్దుకున్నవాళ్ళే అని
అప్పుడు గుర్తొచ్చింది.
నాలుగయ్యేసరికి ఏడు కొక్కేలు,
రెండు వల్‌బుర్గాలు.
ఒకదాంట్లో స్పెల్లింగు తప్పు.
నాన్నకి స్పెల్లింగు రాదు.
మాస్టారికీ అంతంతే అనేవారు.

వల్‌బుర్గా నెగ్గలేదు.
ఎర్రవాళ్ళో నల్లవాళ్ళో,
ఇరవై ఐదు కుర్చీలూ నిండాయి.
రాజుగారి కోట మా ఊరికన్నా కిందే ఉంటుంది,
అయినా కాదనే మాట పైనుంచే వస్తుంది.

హాలు తాళం వేసి బయల్దేరాను.
గట్టిపడిన మంచు మీద
అడుగులు లెక్కపెట్టుకుంటూ
తొంభై దాకా వచ్చాను.
వెనకనుంచి ఎగాన్ అరిచాడు,
చేతి తొడుగులు మర్చిపోయావని.