నూట పన్నెండు మాటల్లో ఒకటి

రాత్రి రెండున్నర. లాడ్జి కౌంటరు మీద
తాళాల గుత్తులు, ఆధార్ జిరాక్సులు,
వాటి మధ్య మూత సరిగా పడని నా పాత ల్యాప్‌టాప్.
స్టేషన్లోకి చెన్నై బండి ఇంకా రాలేదు.
నేను ఒక పాటల పెట్టెకు తెలుగు నేర్పిస్తున్నాను.

ఎవరి సొంతమూ కాని పెట్టె అది.
ఎవరెవరో తలా కాస్తా రాసి,
కావలిస్తే విప్పి చూసుకోమని
మరలన్నీ బయటికే పెట్టి వదిలేశారు.
డబ్బులడగదు. పల్లవికీ చరణానికీ మధ్య సబ్బు అమ్మదు.
ఏ మూలో దుమ్ము పట్టిన పాటని
చెవి పట్టుకుని లాక్కొస్తుంది.
ముప్పై తొమ్మిది భాషలొచ్చట దానికి,
మనదొక్కటే రాదట.
రోషమొచ్చింది, అంతే.

నూట పన్నెండు మాటలు.
'ప్లే'కి 'ఆడు' అని ఎవరో పెట్టి పోయారు.
పాట ఆడుతుందా, పిల్లకాయలు గదా ఆడేది.
కొట్టేసి 'పాడించు' అన్నాను.
'షఫుల్'కి 'కలగలుపు'.
'క్యూ' దగ్గర నవ్వొచ్చింది.
ఈ ఊళ్ళో క్యూకి తెలుగేమిటి?
కంపార్ట్‌మెంట్లో పద్దెనిమిది గంటలు కూర్చునొచ్చి
పై అంతస్తులో పడి నిద్రపోతున్నవాళ్ళని
లేపి అడిగినా క్యూ అనే అంటారు.
అట్లాగే ఉంచేశాను.

ఇక 'అన్‌నోన్ ఆర్టిస్ట్'.
'అజ్ఞాత కళాకారుడు' అని రాశాను.
అడవిలో దాక్కున్నవాడిలా ఉన్నాడు.
'తెలియని కళాకారుడు'.
వీడికసలేమీ తెలియనట్టుంది.

పోనీ, పెట్టె పలుకుతుందో లేదో చూద్దామని
మా అమ్మ పెళ్ళి క్యాసెట్టు పెట్టాను,
కిందటేడు నేనే కంప్యూటర్లోకి ఎక్కించింది.
'పెళ్ళి 93, సైడు బి.'
ముందు కుర్చీలు జరిపిన చప్పుడు,
'కాఫీలు యాడబ్బా' అని ఎవరిదో అరుపు,
ఆ వెనక నాదస్వరం.

గేటు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్ చెంగయ్య
చెవుల మీంచి మఫ్లరు కిందికి లాగాడు.
'ఇప్పుడు డోలు తప్పుతాది చూడు పాపా.'

తప్పింది.

'మునిరత్నం పట్టీ తెగిపోయిండె.
మోకాలితో డోలు అదిమిపట్టుకోని
తాళి కట్టేదాకా లాక్కొచ్చినాడు.
ఆ సందు కనపడకుండా నేను రెండూపిర్లు ఎక్కువ పడితి.'

వెనక్కి జరిపి విన్నాను.
రెండూపిర్లు. ఉన్నాయి.

మూడేళ్ళుగా నాకు గేటు తీస్తున్న మనిషి.
ఏటా అమ్మా నాన్నల పెళ్ళిరోజున
మా ఇంట్లో మోగుతున్న గాలి.
శుభలేఖ ఇంకా బీరువాలోనే ఉంది:
బుల్లి మేనకోడళ్ళ పేర్లున్నాయి,
ప్రెస్సు పేరుంది, దాని ఫోన్ నంబరుంది.

ఇప్పుడు కల్యాణమంటపాలకి మేళం పెన్‌డ్రైవ్‌లో వస్తుంది.
చెంగయ్య వాద్యం అటకెక్కింది,
కొడుకు కొండెక్కి
కల్యాణకట్టలో రోజుకి వంద గుండ్లు గీస్తాడు.

ఖాళీ గడిలో టైపు చేశాను:
'పేరు అడగలేదు.'

సరిచూసే ఆయన ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉంటాడు.
నాకు మీ భాష రాదు, ఇది సరైన మాటేనా, అని రాశాడు.
మా ఊళ్ళో సరైనదే, అన్నాను.
పొడుగైంది, గడిలో పట్టదేమో, అన్నాడు.
గడి పెద్దది చెయ్యండి, అన్నాను.

'ఇంత రాస్తే నీకేమిస్తారు పాపా?'
ఏమీ ఇవ్వరన్నాను.
'మేళగాళ్ళకి మాకే నయం. తాంబూలమన్నా ఇస్తా ఉండ్రి.'

ఆ పాట పక్కన ముందు మునిరత్నం పేరు రాశాను, డోలు.
తర్వాత చెంగయ్య, నాదస్వరం.
'ఇంటిపేరేంది చెంగన్నా?'
అప్పటికే బండి దిగిన జనం గేటు కొడుతున్నారు,
సంచులు, నిద్రకళ్ళ పిల్లలు, ఒక చంకలో చాప.
'ఇంటిపేరెందుకు, ఊరిపేరు రాయి' అంటూ
అతను గొళ్ళెం లాగుతూ
ఏదో ఊరు చెప్పాడు.

ఇంజను కూతలో వినపడలేదు.
మళ్ళీ అడగాలి.