కొసరు

కిగోమా రేవు పక్కన, రేకుల కప్పు సభాభవనంలో
రెండు జెండాలు ఒకే ఫ్యాను గాలికి ఊగుతున్నాయి.
ఒకటి మాది. ఒకటి సరస్సుకు అవతలిది.
మధ్యలో నేను,
వాళ్ళ ఫ్రెంచిని మా స్వాహిలీలోకి,
మా స్వాహిలీని వాళ్ళ ఫ్రెంచిలోకి
తోడిపోసే మనిషిని.
గంటకింతని కూలి. మంచినీళ్ళ సీసా ఉచితం.

ఆరో షరతు దాకా పడవ నిమ్మళంగానే సాగింది.
పామాయిల్ పీపాకు సుంకమెంత,
ఎండుచేపల బస్తాకు ఎంత,
గాలివానలో దారితప్పిన పడవను ఎవరు వెతకాలి...
అన్నిటికీ తలలూగాయి.

ఏడో షరతు:
"తూకానికి మించి ఇచ్చే సరుకు లెక్కకు అందదు కనుక
ఇకమీదట ఇవ్వరాదు, పుచ్చుకోరాదు."

నా నోరు అక్కడ ఆగింది.
ముల్లు నిలబడ్డాక, బేరం తెగాక,
డబ్బు కొంగున ముడేశాక
చేతికి వచ్చినంత తీసి పైన వేసే పిడికెడు.
మేం న్యొంగెజా అంటాం. కొసరు.
ఫ్రెంచిలో దానికి మాటలు లేవని కాదు.
తగ్గింపు ఉంది, బహుమతి ఉంది, లంచం ఉంది.
ఏదీ దాని ఒంటికి సరిపోలేదు.

కిటికీలోంచి కిబిరిజి ఇసుక కనబడుతోంది.
రాత్రి దీపాల పడవలు తెచ్చిన
వేలెడంత లేని చేపలు
వెండి రజనులా ఆరుతున్నాయి.
వాటి మధ్య నిలబడి
కాకుల్ని అదిలిస్తోంది జైతూని.

జైతూని తల్లికి అవతలి ఒడ్డున
ఫైలా అని ఒక బాకీదారు ఉండేది.
మూడు బస్తాలు పట్టుకెళ్తూ
వెన్నెల రోజులకు తీరుస్తానంది.
వెన్నెల్లో వేట ఉండదు, లెక్కలు తేలేది అప్పుడే.
వెన్నెల వచ్చింది. యుద్ధమూ వచ్చింది.
ఆ ఏడు అటునుంచి వచ్చిన పడవల్లో
నూనె లేదు, గుడ్డల తానులు లేవు.
మనుషులున్నారు.
చాపల్లో చుట్టిన పిల్లలున్నారు.
ఒడ్డున ఎవరూ త్రాసు బయటికి తీయలేదు.
తల్లి ప్రతి పడవకూ ఎదురెళ్ళేది.
బాకీ కోసమేననుకున్నారంతా.
"ఫైలా ఎక్కిందా?"
ఆమె అడిగింది అంతే.

తొమ్మిదేళ్ళకు ఫైలా వచ్చింది.
ఒక కన్ను లేదు. మూడు పీపాల నూనె ఉంది.
తల్లి అప్పటికే మట్టిలో ఉంది.
జైతూని వేళ్ళ మీద లెక్కేసి
రెండు పీపాలు చాలంది.
"మూడోది కొసరు" అని ఫైలా
ఇసుకలో కూలబడి
చాలాసేపు లేవలేదు.

ఇదంతా చెప్పడానికి నాకు కూలి లేదు.
అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.
షరతును ఉన్నదున్నట్టు తోడిపోశాను.
తలలూగాయి. కలాలు కదిలాయి. చప్పట్లు.

సాయంత్రం, అవతలి కార్యదర్శి కియుంగు గారు
ఇంటికి చేపలు కావాలంటే వెంట వెళ్ళాను.
కొత్త త్రాసు. ప్రభుత్వ ముద్ర.
పళ్ళేనికి ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.
రెండు కిలోలు. సరిగ్గా. రసీదు.
పొట్లం కట్టబోతూ జైతూని
అలవాటున పిడికిలి నింపింది.
నా వంక చూసింది. ఆయన వంక చూసింది.
గాలిలో ఆగిపోయిన చేతిలోంచి
రెండు చేపలు జారి ఇసుకలో పడ్డాయి.

"దీన్ని ఏ వరుసలో రాసుకోను?"
అడిగింది ఆయనే,
ఫ్రెంచిలో కాదు, తడబడే స్వాహిలీలో.
నాకిక పని లేదు.

"అక్క వరుసలో రాసుకో" అంది జైతూని,
పిడికిలి విప్పుతూ.

సంతకం పెట్టిన చేత్తోనే ఆయన
పొట్లం మూతి ఇంకాస్త వెడల్పు చేశాడు,
మరో నాలుగు పడతాయేమోనని.