ఆరు చీటీలు

బంగారుపాళ్యం దాటినాక, పల్ప్ ఫ్యాక్టరీకి ఇవతల
మా వేబ్రిడ్జి.
జూన్ నెల. రోడ్డు పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లు,
ఒకదాని తోకకి ఇంకొకటి.
కదిలితే ఈలలు, కదలకపోతే బూతులు.

పాత కంప్యూటరు మొన్న పిడుగుకు పోయింది.
దాని వీపున ఇరవయ్యైదు బెజ్జాల వెడల్పు నోరొకటి ఉండేది.
ప్రింటరు వైరు దాన్లో కూచుని రెండు మరలు బిగించుకుంటే
ఎద్దు గుంజినా ఊడేది కాదు.
కొత్తదానికి అన్నీ సన్న నోళ్ళే.
చిత్తూరు హైరోడ్డులో నాలుగొందల యాభై పెట్టి
దుబాసీ లాంటి వైరొకటి తెచ్చినాను.

కాటా చెప్పేది కంప్యూటరు వినాల,
కంప్యూటరు చెప్పేది ప్రింటరు కొట్టాల.
ఇంతే కదా పని,
ఇంతలోనే ఎంతమంది చెవిటోళ్ళు!

మొదట తెర మీద బరువుకు బదులు
కోడి గెలికినట్టు గుర్తులు.
నేను పెట్టిన వేగం తొమ్మిదివేల ఆరొందలు.
మా కాటా పాతది,
రెండువేల నాలుగొందలకి మించి మాట్లాడలేదు.
"ముసలోళ్ళు చెప్పేటప్పుడు మనమే నిదానించాల మే"
అనేవాడు నాకు ఈ పని నేర్పిన ఉమాపతన్న.
తగ్గించినాను.
ట్రాక్టరుతో కలిపి ఆరువేల ఎనిమిదొందల నలభై,
తొమ్మిదీ పదికి.

ప్రింటరు మాత్రం ఉలకదు, పలకదు.
పోర్టులు అనే చోట తెరిచి చూస్తే
ఎల్‌పీటీ ఒకటి, ఎల్‌పీటీ రెండు, ఎల్‌పీటీ మూడు...
ఈ పెట్టెకి లేనే లేని నోళ్ళు,
చచ్చిపోయినోళ్ళ పేర్లు రేషన్ కార్డులో ఉన్నట్టు.

చెంగల్రాయప్ప కిటికీ కాడికొచ్చినాడు.
"పొద్దున కోసిన కాయ దేశమ్మా,
నిలబడేకొద్దీ బరువు ఎగిరిపోతాంది."
నిజమే.
గంటకి ఎంత ఎగిరిపోతుందో
ఏ సెట్టింగులోనూ రాసి లేదు.
చేత్తో రాసిద్దామంటే
నిరుడు అట్లా ఇచ్చిన చీటీకి నాలుగొందల కిలోల తకరారు,
అప్పట్నించీ గేటు కాడ చెల్లదు.
ప్రింట్ నొక్కినాను. రాలేదు.
మళ్ళీ. మళ్ళీ. ఆరుసార్లు.
లోపల క్యూలో ఆరు చీటీలు,
బయట క్యూలో నలభై ట్రాక్టర్లు,
రెంటికీ అడ్డం చెంగల్రాయప్ప ఒక్కడే.

పదకొండున్నరకి బల్ల కిందికి దూరినాను,
సెల్‌ఫోను పళ్ళతో కరుచుకుని.
ముందరి బెజ్జంలో వైరు పీకి వెనక బెజ్జంలో పెడితే
పైన జాబితా అడుగున కొత్త పేరొకటి మొలిచింది:
యూఎస్‌బీ సున్నా సున్నా మూడు.
దాని పక్కన టిక్కు.

గంగజాతరలో పూనకమొచ్చినట్టు
తల అటూ ఇటూ కొట్టుకుంటా
ఆరూ వచ్చేసినాయి,
తెలుపు, పసుపు, గులాబి కాయితాలు మూడేసి.
అన్నిట్లోనూ ఆరువేల ఎనిమిదొందల నలభై,
తొమ్మిదీ పది.

తెర మీద ఇప్పుడు ఎనిమిదొందల ముప్పై.
మళ్ళీ కాటా కొట్టమంటాడు ఓనరు, తెలిస్తే.
నేను కొట్టలేదు.

"ఆరింటికీ దుడ్డిస్తారా పాపా?" అని నవ్వినాడు చెంగల్రాయప్ప.
ఐదు చించబోతే ఒకటి అడిగి తీసుకున్నాడు,
బీడీ ముట్టించుకోడానికంట.
ముట్టించుకోలేదు. మడిచి పై జేబులో పెట్టుకున్నాడు.

తరవాతి ట్రాక్టరు ముందరి చక్రాలు ఇనుము మీదికెక్కినాయి.
అంకెలు ఊగి ఊగి నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి చూస్తా ఉండినాను.