రెండు మిల్లీమీటర్ల లోపు

హంబర్ నది సముద్రంలో కలిసేచోట
రిఫైనరీ గేటు ముందు
నా తమ్ముడు నెవిల్ పదకొండు రోజులుగా నిలబడి ఉన్నాడు.
చేతిలో అట్టముక్క.
వానకి అక్షరాలు కారిపోయి
‘మా పని’ అన్న రెండు మాటలే మిగిలాయి.

నేను ఆ గేటులోంచే లోపలికి పోతాను.
కారు అద్దం దించను.
వాడూ వంగి చూడడు.

నా ఉద్యోగం చీకట్లో.
వెల్డింగు పెట్టిన పైపులకి రాత్రిపూట ఎక్స్‌రే తీస్తారు,
పొద్దున ఆ ఫిల్ములు నా బల్ల మీదికొస్తాయి.
ఇనుము కడుపులో ఏం దాచుకుందో చెప్పాలి.
గాలిబుడగ, చీలిక, కరగని మసి.
మనుషుల్ని చదవడం రాదు గానీ
ఇవి చదవడం ఇరవై రెండేళ్లుగా వచ్చు.

ఆదివారం భోజనాల దగ్గర
బంగాళాదుంప చిదుముతూ అన్నాడు నెవిల్:
“ఒక్కటి. ఒక్క ఫిల్ము కొట్టెయ్యి, చాలు.
వాళ్లకి పని రాదని కాగితం మీద పడాలి.”
వాళ్లావిడ ఉప్పుసీసా కోసం చాపిన చెయ్యి
మధ్యలోనే ఆపేసింది.

వాళ్లు,
పోర్చుగల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన నూటపది మంది.
రేవులో కట్టేసిన పాత ఓడలో కాపురం,
గదికి నలుగురు.
పబ్బుకి రావద్దని వాళ్లకి ఎవరో చెప్పారు.
ఎవరు చెప్పారో ఊరందరికీ తెలుసు.
బస్సు కిటికీలకి అట్టలు అడ్డం పెట్టుకుని గేటు దాటతారు,
గుడ్లు వచ్చి అద్దాలకి తగులుతాయి.
గుడ్డు ధర బాగా తెలిసినవాళ్లే విసురుతున్నారు.

అందులో ఒకడు అదెలినో,
ముద్ర నంబరు ఎనభై మూడు.
క్యాంటీన్‌లో టీ మెషీను నాణెం మింగేస్తే
కొట్టలేదు, తిట్టలేదు,
తన భాషలో దానికి ఏదో నచ్చజెబుతున్నాడు.
వెళ్లాక చూస్తే బల్ల మీద అతని జీతం చీటీ.
చదవకూడదు. చదివాను.
ఓడ గదికి కోత, బస్సుకి కోత,
చేతి తొడుగులకీ కోత.
మిగిలిన అంకె చూశాక
నెవిల్‌ని తీసేసింది ఏ లెక్కో తెలిసింది.
తెలిస్తే మాత్రం?
నెవిల్ వ్యాను అమ్మేశాడు.
పనిముట్ల పెట్టె హాల్లో సోఫా పక్కన ఉంది,
పిల్ల దాని మీద కూర్చుని టీవీ చూస్తుంది.

గురువారం. ఎనభై మూడు.
లైటు పెట్టె మీద పరిచాను.
తెల్లటి గీత నిండుగా, మీగడ కట్టినట్టు.
మధ్యలో ఒక నల్ల చుక్క,
ఆవగింజంత.
స్కేలు పెట్టాను. ఒకటిన్నర.
రెండు దాటితేనే తప్పు.

కలం మూత తీశాను.
అర మిల్లీమీటరు.
నా చెయ్యి కాస్త జారితే చాలు.

లేచి బీరువా దగ్గరికి వెళ్లాను.
ఏడేళ్ల కిందటి కట్ట, దుమ్ము.
ముద్ర నంబరు ముప్పై ఒకటి. నెవిల్.
రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.
అదే మీగడ గీత.
అక్కడా ఒక చుక్క, అదీ ఒకటిన్నరే,
కింద నా సంతకం, ‘సరే’.
నంబర్లు బొటనవేళ్లతో మూసేశాను.
ఏది ఎవరిదో చెప్పలేకపోయాను.
ఇరవై రెండేళ్ల కళ్లు.

‘సరే’ అని రాశాను.
గొప్పతనమేం లేదు ఇందులో.
రాశాక టీ గొంతు దిగలేదు.

సాయంత్రం వాన జోరుగా ఉంది.
గేటు దగ్గర కారు అద్దం దించాను.
నెవిల్ వంగాడు,
టోపీ అంచు నుంచి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి.
“దొరికిందా?”
“నీ పాత ఫిల్ము ఒకటి దొరికింది.”
వాడికేం అర్థమైందో,
చిన్నప్పుడు లెక్కల పుస్తకం చూపించినట్టు
“బాగుందా?” అన్నాడు.

“బాగుంది.”

వెనక బస్సు హారన్ కొట్టింది.
ముందుకి జరిగి అద్దంలో చూశాను.
అట్టముక్క నెత్తిమీద పెట్టుకున్నాడు,
వానకి అడ్డంగా.