స్విచ్చుబోర్డు పక్కన

లాలాపేట పెయింట్ల కొట్లో
షేడు కార్డు విసనకర్రలా విప్పి
రెండు రేకుల దగ్గర ఆగిపోయాం, నేనూ ప్రభుదాసూ.
పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, మాకక్కర్లేదు.
ఒకటి జున్ను రంగు,
బెల్లం తక్కువేసిన జున్ను.
రెండోది నీలం.
ఆకాశం కాదు, నెమలీ కాదు,
మూత బిగుసుకుపోయిన సిరాబుడ్డి అడుగున
మిగిలిపోయే నీలం.

"జున్నే" అన్నాడు.
"నీలం" అన్నాను.
కొట్టతను రెండు చిన్న డబ్బాల్లో కలిపిచ్చాడు
ఇట్లాంటి మొగుడూపెళ్ళాల్ని రోజూ చూసేవాడిలా.

మర్నాడు కాలేషావలి వచ్చి
పడగ్గది గోడకి, స్విచ్చుబోర్డుకి అటొకటీ ఇటొకటీ
పళ్ళెమంతేసి మచ్చలు వేశాడు.
"వారం చూసుకోండమ్మా,
కార్డు మీద ఒకమాట చెప్పుద్ది రంగు,
గోడెక్కినాక ఇంకోమాట."

చిన్నప్పుడు సంక్షేమ కాలనీ ఇంట్లో
సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేది అమ్మ.
తెలుపు తెల్లగా కనపడాలంటే
లోపల కాస్త నీలం దాగుండాలనేది.
ఆ మాటే చెబితే
"చిటికెడు వేరు, గదంతా వేరు" అన్నాడు ప్రభుదాసు.

నాది పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ.
నేను నడుం వాల్చే వేళకి
గుంటూరు ఎండ కిటికీ ఊచలు పట్టుకుని
లోపలికి తొంగిచూస్తుంటుంది.
కళ్ళకి చున్నీ కట్టుకున్నా
రెప్పల వెనక ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది.
నాక్కావలసింది రంగు కాదు,
రాత్రంతా పరాయివాళ్ళ మంచాల పక్కన ఖర్చయిపోయిన చీకటి
ఓ గోడంత వెనక్కి.

ఆయనది మిర్చియార్డులో కాటా దగ్గర.
పగలంతా ఎరుపే, టిక్కీల మీద టిక్కీలు.
ఘాటుకి మండిన కళ్ళతో ఇల్లు చేరాక
ఏమీ అడగని గోడ కావాలి.
"ముదురు రంగేస్తే గది మీదకొచ్చేస్తదే, ఊపిరాడదు."

అక్కడే ఆగింది.
వారమన్నది మూడు వారాలైంది.

పొద్దున ఎనిమిదింటికి నీలం
కొత్త చుట్టంలా బిగుసుకుని కూచునేది.
మధ్యాహ్నం మెలకువొస్తే మెత్తబడి ఉండేది,
వార్డు కిటికీలో నాలుక్కాకముందు కనపడే
ఆ కాస్త ఆకాశంలా.
జున్ను రంగు పొద్దున బాగానే ఉండేది గానీ
ట్యూబులైటు కింద
రక్తం తగ్గినవాళ్ళ అరచేయి.
గెలిచాననే అనుకున్నా.

ఓ మంగళవారం,
చెప్పులు విప్పి ఫ్యాను వెయ్యబోతే
జున్ను మీద మూడు వేళ్ళు.
ఎంత కడిగినా పోని కారం, సన్నగా, ఎర్రగా.
కరెంటు పోయి వచ్చినప్పుడు
తడుముకున్నట్టున్నాడు.
చూపుడువేలి గీత కిందికి జారింది,
నిద్రమత్తేమో.
ఇవతల నీలం మీదా చెయ్యి పడే ఉంటుంది.
అది ఏమీ చెప్పలేదు.

ఇది సీజను.
నేను బస్సెక్కాక వస్తాడు, నేను దిగేలోపు వెళ్తాడు.
ఆదివారం గుడికి బండి మీద పోయేటప్పుడు
వెనక కూర్చున్న నాకు కనపడేది వీపే.
మిగతా రోజులన్నీ
మూతపెట్టిన కూర, మడతపెట్టిన దుప్పటి,
తగ్గుతున్న కొబ్బరినూనె సీసా.

తడిగుడ్డ పిండుకుని తెచ్చి కూడా
తుడవలేదు.

కాలేషావలికి ఫోను చేశాను.
"గదంతా నీలమే వెయ్యి.
స్విచ్చుబోర్డు పక్కన మచ్చ మాత్రం అట్లాగే ఉంచు,
చుట్టూ టేపేసి."
"పని ఎగ్గొట్టి పోయాననుకుంటారమ్మా, చూసినోళ్ళు."
"పడగ్గదిలోకి ఎవరొచ్చి చూస్తారయ్యా?"
కాసేపు ఏమీ అనలేదు.
"సారుకి చెప్పారా మరి?"

ఆదివారం దాకా ఆగమన్నాను.