వెండి కార్డు

మార్చి ఆఖరి రాత్రి పదకొండున్నరకి ఉత్తరం వచ్చింది.
"మీ కోసం మరింత మెరుగ్గా" అని మొదలుపెట్టినప్పుడే
ఏదో పోయిందని తెలిసింది నాకు.

అదనంగా మోసుకునే పది కిలోలు ఇక లేవు.
లౌంజిలో వేడి ఇడ్లీ, కాళ్ళు చాపుకునే కుర్చీ
బంగారు కార్డు వాళ్ళకేనట.
పదివేల పాయింట్లకొచ్చే ఢిల్లీ సీటు
ఇకమీద పద్దెనిమిది వేలు.
అడుగున "ప్రేమతో" అని ఉంది.
ఎవురి ప్రేమో, పేరు లేదు.

ఇడ్లీ పోతే పోనీ,
పూతలపట్టులో బండి ఆపితే ఇరవై రూపాయలకి నాలుగు.
నా బాధంతా ఆ పది కిలోలు.
మామిడిగుజ్జు డబ్బాలు మూడు,
పాత లుంగీలో చుడితే సరిగ్గా పది తూగుతాయి.
ఏడేండ్లుగా చొక్కాల మధ్య పండబెట్టి మోస్తా ఉండా,
నాగపూరు ఐస్‌క్రీమోళ్ళకి, లూధియానా జ్యూసోళ్ళకి,
"ఇది మా చిత్తూరు బెంగళూరా కాయ,
కాగితం కాదు, నాలిక పెట్టి చూడండి" అని.

వేబ్రిడ్జి చీటీ వెనక లెక్కేసినా.
నలభైఒక్క వేల ఆరొందలు.
నిన్నటికి నాలుగు ఢిల్లీలు.
ఈ పొద్దుకి రెండు,
మిగిలింది నాగపూరు దాకా కూడా రాదు.

ఇంకో కంపెనీవాడు పిలస్తా ఉండాడు:
నీ పాత కార్డు చూపించు,
అదే మెట్టు మీద కూర్చోబెడతాం,
తొంభై రోజుల్లో ఆరుసార్లు ఎక్కితే చాలు.
ఏప్రిల్, మే సరే.
జూన్‌లో కాయ దిగితే
ఫ్యాక్టరీ గేటు దాటనిస్తాడా మా ఓనరు?

మా చిన్నాయన దొరస్వామికి ఇన్ని లెక్కల్లేవు.
వెన్న శాతంలో అర పాయింటు కోసినారని
పొద్దున పాలు ఒక డైరీకి పోసి
సాయంత్రం పాలు ఎదురు డైరీకి పోసినాడు.
క్యాను కూడా కడగలేదు.
నేను మూడు వారాలు నాన్చినా.

రేణిగుంట. తెల్లారి ఐదున్నర.
పాత కౌంటర్లో కొత్త పిల్లోడు,
అంకెల్లోంచి తల ఎత్తకుండా
"తొమ్మిది కిలోలు ఎక్కువ సార్, కట్టాల" అన్నాడు.
ప్రసూన ఉంటే ఆ అంకెల వైపు చూసేదే కాదు.
ఒకసారి డబ్బా సొట్టపడి కారితే
తన టిఫిను క్యారియరు సంచీ ఇచ్చిన పిల్ల.
వెతికినా.
పక్క వరసలో ఉంది, కుంకుమరంగు కోటు,
గుండీ ఇంకా బిర్రుగా ఉంది.

"నువ్వెప్పుడు మారినావమ్మా?"
"పదో తేదీ సార్.
అక్కడ రాత్రి షిఫ్టుకి క్యాబు తీసేసినారు.
కాళహస్తి నుంచి మూడు గంటలకి
నేనేమెక్కి రావాల?"

అంతే చెప్పింది. ఏడేండ్ల గురించి ఏమీ అనలేదు.
జ్ఞానప్రసూన అని పూర్తి పేరు
కొత్త బిళ్ళ మీద ఉండాది, పాతదాని మీద సగమే పట్టేది.

నేల మీద పెట్టె తెరిచినా.
వెనకున్న వాళ్ళు నా బనియన్లు చూస్తా ఉంటే
రెండు డబ్బాలు తీసి ఆ పిల్ల బల్ల మీద పెట్టినా.
"ఎన్నాళ్ళుంటాయి సార్ ఇవి?"
"మూత తియ్యనంత కాలం, రెండేండ్లు."
నా పాయింట్లకి పద్నాలుగు నెలలే.

గేటు దగ్గర కూర్చొని ఫారం తెరిచినా.
పేరు, ఊరు, పాత కార్డు ఫొటో.
ఏడేండ్లు జేబులో రాపిడికి
వెండి పోయి తెల్ల ప్లాస్టిక్ తేలింది,
మునిరత్నంలో ముని ఒక్కటే మిగిలినాడు.
ఫొటో తీస్తే లైటు మెరుపే పడింది.
"చదవడానికి వీలుకాలేదు, మళ్ళీ ప్రయత్నించండి."
చొక్కా అంచుతో తుడిచి
కిటికీ వైపు తిప్పి పట్టుకున్నా.
బయట పాత కంపెనీ విమానానికి
నిచ్చెన తోసుకొస్తా ఉండారు, నేనెక్కాల్సింది.